తలుపు ఎటు తెరుచుకుంటది సార్?

పోయిన ఆదివారం పొద్దున మా ఇంట్లో ఒక మనిషిని గదిలోంచి బయటికి తీయడానికి అల్లం దంచే రోకలి వాడాల్సి వచ్చింది. ముందు చాయ్ చెప్పండి, మొత్తం చెప్తాను. మీరు నవ్వుతారని తెలుసు. అయినా నా నోటితో నేనే చెప్పుకోవడం మంచిది. మా ఆవిడ ఇప్పటికే బిల్డింగ్ అంతా చెప్పేసింది, ఆమె వెర్షన్‌లో నేను మరీ ఘోరంగా ఉన్నాను.

నా రోగం మీకు తెలిసిందే కదా. ఏది చూసినా అదెలా పనిచేస్తుంది, ఎందుకు అట్లా పెట్టారు అని తెలుసుకుంటేగానీ నిద్రపట్టదు. లిఫ్ట్ రిపేర్ చేస్తుంటే ఆఫీసుకి లేటయినా నిలబడి చూస్తాను. రోడ్డు తవ్వుతుంటే బండి ఆపి గుంటలోకి తొంగి చూస్తాను. ఓసారి నారాయణగూడలో అట్లా తొంగి చూస్తుంటే పనివాళ్ళు నన్ను ఇంజనీరు అనుకుని నమస్తే కూడా పెట్టారు. నేను తల ఊపి, పైపు లెవెల్ చూసుకోమని చెప్పి వచ్చేశాను.

రెండు నెలల కింద మా చిక్కడపల్లి సందు చివర ఒకాయన డాబా మీద గది లేపితే మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి గేటుకి నోటీసు అంటించి పోయారు. అందరూ ఆయన్ని చూసి అయ్యో అనుకుంటూ పోతుంటే నేను మాత్రం ఆ నోటీసు మొదటి లైను నుంచి సంతకం దాకా చదివాను. అప్పుడు పుట్టింది డౌటు. గది లేపితే తప్పు, సరే. మరి మన ఇంట్లో మనం ఎవర్నీ అడక్కుండా ఏమేం చేసుకోవచ్చు?

మున్సిపల్ ఆఫీసులో పనిచేసే ఒకాయన నాకు పరిచయం. పొద్దున వాకింగ్‌లో కలుస్తాడు. ఆయన్ని పట్టుకుని మూడు రౌండ్లు తిప్పి మరీ అడిగాను. ఆయన ఆయాసపడుతూనే చెప్పాడు. "రంగులు ఏసుకో. టైల్స్ మార్చుకో. అల్మారాలు, సింకు, ఫాల్స్ సీలింగు, లోపలి తలుపులు, ఏదన్న చేస్కో. గోడలు, స్లాబు, బాల్కనీ జోలికి పోకు. అంతే. గీ చిన్న పనులకు మమ్మల్ని అడగక్కర్లేదు అన్నా, జర నన్ను నడవనియ్యి."

ఇంటికొచ్చి ఒక నోట్‌బుక్‌లో లిస్టు రాశాను. మా ఆవిడ సుజాత నా భుజం మీంచి చూసి, "గిదేంది?" అంది.

"పర్మిషన్ లేకుండా చేసుకోదగ్గ పనులు."

"ఆయన అడగక్కర్లేదు అన్నది వాళ్ళని. నన్ను అడగక్కర్లేదు అన్నడా?"

లిస్టులో మొదటి పని మౌనిక కోసం చేశాను. అది మాత్రం మంచి మనసుతోనే చేశాను, ఒట్టు.

మౌనిక మా అక్క కూతురు. వాళ్ళది జనగామ దగ్గర ఊరు. రెండేళ్ళుగా అశోక్ నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతోంది. ఈసారి రాకపోతే ఊరికి పోయి ప్రైవేట్ స్కూల్లో చేరిపోతానని వాళ్ళ నాన్నకి మాటిచ్చింది. అంటే ఇదే ఆఖరిసారి. గదికి ఆరుగురు, అందులో ఒకమ్మాయి గట్టిగా చదివితేగానీ తలకెక్కదనే రకం. అందుకని ఆఖరి నెల మా ఇంటికి వచ్చెయ్యమన్నాం. మాకు రెండు బెడ్రూములు, పిల్లలు లేరు. ఆ పిల్ల పుస్తకాల సంచులతో దిగితే ఇల్లు నిండినట్టయింది.

దాని గదిలో మంచం ఉంది, చదువుకోవడానికి టేబుల్ వేశాం. వేస్తే తలుపు సగమే తెరుచుకుంటోంది, టేబుల్‌కి తగులుతోంది. పిల్ల పాపం పక్కకి తిరిగి దూరుతోంది. ఆలోచించాను. తలుపు లోపలికి తెరుచుకుంటేనే కదా సమస్య, బయటికి తెరుచుకుంటే? లోపలి తలుపుకి ఎవర్నీ అడగక్కర్లేదు. కార్పెంటర్‌ని పిలిచాను. ఆయన తల గోక్కుని, "బెడ్రూం తలుపు హాల్లోకి తెరుస్తరా సార్ ఎవరన్న?" అన్నాడు. మనం తెరుద్దాం అన్నాను. చౌకట్టుకి పట్టీలు కొట్టి, మడతబందులు ఇటు నుంచి అటు మార్చి వెళ్ళాడు. తలుపు హాల్లోకి హాయిగా తెరుచుకుంది. "మామా, సూపర్" అంది మౌనిక. వారం రోజులు నేను నేలమీద నడవలేదు.

రెండో పని హాల్లో టైల్స్. మాది పాతికేళ్ళ నాటి ఫ్లాట్, పాత మొజాయిక్ నేల, నల్లబడిపోయింది. దాన్ని పగలగొట్టాలంటే చప్పుడు, దుమ్ము, పిల్ల చదువు. అప్పుడు తెలిసింది, పాత నేల పగలగొట్టకుండా దానిమీదే గమ్ పెట్టి కొత్త టైల్స్ అతికించేస్తారని. నాకు మతి పోయింది. నేల మీద నేల. ఈ గమ్ అంత బరువు ఎలా పట్టుకుంటుంది? ఎంతసేపట్లో గట్టిపడుతుంది? ముషీరాబాద్ నుంచి యాదగిరి అనే మేస్త్రిని మాట్లాడాను. పని మొదలవక ముందే నేను అడిగిన ప్రశ్నలకి ఆయన రెండుసార్లు మధ్యలో ఫోన్ వచ్చిందని బయటికి వెళ్ళాడు.

గురువారం వస్తానన్నాడు. మేస్త్రుల గురువారం మీకు తెలుసు కదా, శనివారం వచ్చాడు. పరీక్ష ఆదివారం.

సుజాత వద్దంది. "రేపు పిల్లకు పరీక్ష. సోమవారం రమ్మను."

"ఇయ్యాల పోతే మళ్ళ నెల దాకా దొరకడు" అన్నాను. "పగలగొట్టుడు లేదు, చప్పుడు లేదు. కటింగ్ డాబా మీద చేస్తడు. ఎవరికేం నష్టం?"

మౌనికే మధ్యలోకి వచ్చి తీర్పు చెప్పింది. హాల్‌ని రెండు భాగాలు చేసి, ఇవాళ తన గది వైపు సగం, సోమవారం మా గదీ వంటిల్లూ ఉన్న వైపు సగం వెయ్యాలి. కొత్త టైల్స్ మీద తెల్లారేదాకా అడుగు పెట్టకూడదు కాబట్టి తను గదిలోనే ఉండిపోతుంది. బాత్రూం గదిలోనే ఉంది. కిటికీ కారిడార్‌లోకి ఉంటుంది, అన్నం అందులోంచి ఇవ్వొచ్చు. "ఒక్క దినం ఎవ్వరు నా రూములకు రారు. ఇంతకంటే ఏం గావాలి అత్తా?" అని, అరటిపళ్ళు, ఫ్లాస్కు తీసుకుని లోపలికి పోయి తలుపేసుకుంది. చెవుల్లో దూది కూడా పెట్టుకుంది.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. యాదగిరి ఒక్కో టైల్ వేసుకుంటూ మౌనిక తలుపు దగ్గరికి వచ్చాడు. ఆగాడు. టేపు పెట్టి చూశాడు. నా వైపు తిరిగి, "తలుపు ఎటు తెరుచుకుంటది సార్, లోపలికా బయటికా?" అని అడిగాడు.

నేను ఆ టైములో గమ్ బస్తా మీద రాసింది చదువుతున్నాను. తల కూడా ఎత్తలేదు. ఇరవై ఐదేళ్ళుగా చూస్తున్న తలుపు, ఆలోచించేదేముంది? "లోపలికే" అన్నాను.

"పక్కానా సార్?"

"నా ఇల్లు నాకు తెల్వదా యాదగిరీ?"

ఆయన తలుపుని ఆనుకునే దాకా నీట్‌గా టైల్ తెచ్చి, గీత గీసినట్టు ఆపేశాడు. ఎంత అందంగా వచ్చిందంటే నేను వంగి, నేల మీద చెంప ఆనించి, లెవెల్ చూశాను. తలుపు అడుగు అంచుకి అరంగుళం పైగా నిలబడి ఉంది టైల్. అది కూడా చూశాను. సందు లేకుండా ఎంత బాగా కుదిరింది, ఇక చీమ కూడా దూరదు అనుకున్నాను.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మౌనిక తయారైపోయింది. పరీక్ష పదిన్నరకి, గేటు తొమ్మిదీ ముప్పావుకి మూసేస్తారు. ఒక్క నిమిషం దాటినా లోపలికి పంపరు. సెంటర్ రాంనగర్ అవతల ఒక కాలేజీ. ఎనిమిదిన్నరకే బయల్దేరాలని ముందురోజే అనుకున్నాం.

తలుపు కొంచెం కదిలింది, ఆగింది. మళ్ళీ కదిలింది, ఆగింది.

"మామా, బయట గడియ పెట్టినవా?"

"లేదమ్మా. గట్టిగ నూకు."

"నూకుతున్న. రాదు."

టైల్స్ గట్టిపడ్డాయి కదా, నడిచి వెళ్ళి బయటి నుంచి హ్యాండిల్ పట్టి లాగాను. రాలేదు. కాలు గోడకి తన్నిపెట్టి లాగాను. అప్పుడు కిందికి చూశాను. తలుపు అంచు కొత్త టైల్‌కి ఆనుకుని ఉంది. తలుపు ఇటు రావాలి. ఇటు నేల లేచి ఉంది. నేనే తలుపుని తిప్పించాను, నేనే నేలని లేపించాను. రెండూ పర్మిషన్ అక్కర్లేని పనులే.

నిజంగా చెప్తున్నాను, అక్కడే కూలబడ్డాను. రెండేళ్ళు ఆ పిల్ల నిద్ర మానుకుని చదివింది. వాళ్ళ నాన్న ఒక్క మాట అనకుండా పంపించాడు. మా అక్కకి ఫోన్ చేసి ఏమని చెప్పాలి? పరీక్షకి పోలేదక్కా, ఎందుకంటే మా హాలు నున్నగా ఉంది అనా?

"ఏమైంది?" అంటూ సుజాత వంటింట్లోంచి వచ్చింది. చెప్పాను. ఆమె వంగి టైల్ అంచుని వేలితో తడిమి చూసింది.

యాదగిరికి ఫోన్ చేశాను. ఆయన భువనగిరి పోయే బస్సులో ఉన్నాడు, బంధువుల పెళ్ళి. విషయం మొత్తం విన్నాడు. తర్వాత, "నేను అడిగిన గద సార్" అన్నాడు.

"అడిగినవ్, అడిగినవ్. ఇప్పుడేం చేయాలె చెప్పు."

"పగలగొట్టుండ్రి. ఇంకేం లేదు."

"ఊడదీస్తే రాదా?"

"నేనేస్తే ఊడుతదా సార్?" అన్నాడు. ఆయన గొంతులో బాధ ఉంది, గర్వం కూడా ఉంది.

ఈలోపల తలుపు చప్పుడుకి ఎదురు ఫ్లాట్ మూర్తి గారు వచ్చేశారు. కాకినాడ మనిషి, రిటైర్డ్ ఇంజనీరు. నాకున్న రోగమే ఆయనకీ ఉంది, పైగా డిగ్రీ కూడా ఉంది. కళ్ళజోడు పెట్టుకుని తలుపు ముందు గొంతుక్కూర్చున్నారు.

"ఏవండీ, బెడ్రూం తలుపు హాల్లోకి తెరుచుకోవడం ఏంటండీ?"

"టేబుల్ అడ్డమొస్తోందని మార్పించానండి."

"అలాగా. అయితే బందులు విప్పేద్దాం." చూశారు. తలుపు మూసి ఉంటే స్క్రూలు లోపల ఇరుక్కుని ఉంటాయి, విప్పడానికి కుదరదు. "పోనీ తలుపు అడుగు కోసేద్దాం." రంపం దూరడానికి సందు లేదు. "కిటికీ ఊచలు?" వెల్డింగ్ మనిషి కావాలి, ఆదివారం పొద్దున ఎవడు దొరుకుతాడు? "అసలు ఏం గమ్మండీ ఇది? ఒక్క రాత్రిలో ఇంత పట్టేసిందా?"

నేను వెళ్ళి బస్తా తీసుకొచ్చాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, తెచ్చాను. ఇద్దరం దాని మీద రాసింది చదివాం. నీళ్ళు ఎంత పాళ్ళలో కలపాలో ఆయనకి డౌటు వచ్చింది, నాకు తెలుసు కాబట్టి చెప్పాను. అసలు ఇళ్ళల్లో గది తలుపులు లోపలికే ఎందుకు పెడతారు అని నేను అడిగాను. ఆయన మంచి ప్రశ్న అన్నారు. అప్పటికి ఎనిమిది నలభై.

లోపలి నుంచి మౌనిక, చిన్న గొంతుతో, "మామా, ఇంకెంతసేపు?" అంది. ఆ పిల్ల ఏడవడం లేదు. ఏడవకుండా ఉండడానికి ఎంత ప్రయత్నిస్తోందో గొంతులో తెలుస్తోంది. అప్పుడు బస్తా పక్కన పడేశాను.

సుజాత వంటింట్లోకి వెళ్ళి అల్లం దంచే ఇనుప రోకలి పట్టుకొచ్చింది. చీర కొంగు నడుముకి చుట్టింది. "జర పక్కకు జరగండి" అని మూర్తి గారితో మర్యాదగా అంది. నాతో అదీ అనలేదు. తలుపు ముందున్న టైల్ మీద ఒక్కటి వేసింది.

పగుళ్ళు పాకాయి. నా గుండెలో కూడా. రెండో దెబ్బకి మూల లేచింది. అప్పుడు నాకూ తెలివి వచ్చి, స్క్రూడ్రైవరూ సుత్తీ తెచ్చి ముక్కలు పెకలించడం మొదలుపెట్టాను. యాదగిరి అబద్ధం చెప్పలేదు, ముక్క ముక్కకీ గమ్ ప్రాణం పెట్టి పట్టుకుంది. మూర్తి గారు తలుపు ఎంత దూరం తిరగాలో లెక్కగట్టి సుద్దముక్కతో నేల మీద వంపుగా గీత గీసి ఇచ్చారు. ఆ గీత లోపల ఉన్నదంతా కొట్టాలి. సుజాత గీత చూడలేదు. అడ్డమొచ్చిందల్లా కొట్టింది. తలుపు బెత్తెడు తెరుచుకుంది. తర్వాత జానెడు. సందులోంచి మౌనిక చెయ్యి కనిపించింది, హాల్ టికెట్ ఉన్న ప్లాస్టిక్ కవరు పట్టుకుని.

"అత్తా, ముందు ఇది తీస్కో" అంది. తను రాకపోయినా హాల్ టికెట్ బయటపడాలన్నట్టు.

మూరెడు తెరుచుకునేసరికి తొమ్మిదీ ఐదు. మౌనిక ఊపిరి బిగబట్టి, పక్కకి తిరిగి బయటికి వచ్చింది. చున్నీకి దుమ్ము, మొహానికి చెమట. నేను బైకు తాళాలు అందుకున్నాను. సుజాత నా చేతిలోంచి లాక్కుని బల్ల మీద పడేసి తన స్కూటీ తాళాలు తీసుకుంది.

"మీరొద్దు. నడుమల ఎవడన్న గుంత తవ్వుతుంటే ఆగుతరు."

ఇద్దరూ మెట్లు దిగి పరిగెత్తారు. మూర్తి గారు, "ఏం కాదులెండి, ఆదివారం ట్రాఫిక్ ఉండదు" అని నా భుజం తట్టి కూరగాయలకి మార్కెట్టుకి పోయారు. నేను హాల్లో ఆ ముక్కల మధ్య కూర్చుని ఫోన్‌నే చూస్తున్నాను. తొమ్మిదీ ముప్పై ఎనిమిదికి మోగింది.

"పోయింది లోపలికి" అంది సుజాత. వెంటనే పెట్టేసింది. పరీక్ష అయ్యేదాకా అక్కడే ఉంటుందని నాకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కాబట్టి సిగ్గుపడకుండా ఏడ్చాను, మొహం కడుక్కున్నాను, ఫోన్ చార్జింగ్ పెట్టాను.

మామూలు మనిషైతే అక్కడితో చీపురు తీసుకుని ఊడ్చేవాడు. నేను తలుపుని చూశాను. మూర్తి గారి గీత సరిగ్గా వచ్చిందా? లోపలి నుంచి చూస్తే తలుపు ఎక్కడ తగులుతోందో బాగా తెలుస్తుంది కదా? సందులోంచి లోపలికి దూరాను. తలుపు నా వైపు లాక్కుని పూర్తిగా మూశాను. కింద సందులోంచి వెలుతురు ఎంత వస్తోందో వంగి చూశాను. బాగానే వస్తోంది. తృప్తిగా అనిపించింది. తలుపు నెట్టాను.

కర్‌మని ఒక చప్పుడు, అంతే. ఊడ్చని టైల్ ముక్క ఒకటి తలుపు కిందికి జారి, మేకులా బిగుసుకుంది. ఎంత నెడితే అంత బిగుసుకుంటోంది. ఫోన్ హాల్లో ఉంది.

కిటికీలోంచి పిలిచి ఉండొచ్చు. కారిడార్‌లో ఇద్దరు ముగ్గురు వెళ్ళారు కూడా. కానీ పిలిస్తే ఎందుకు పిలిచానో చెప్పాలి కదా. వాళ్ళు వెళ్ళినప్పుడల్లా నేను కర్టెన్ పక్కకి జరిగి నిలబడ్డాను. మిగిలిన రెండు అరటిపళ్ళు తిన్నాను. ఫ్లాస్కులో చల్లారిన చాయ్ తాగాను. అప్పటికి పదిన్నర. అక్కడ మౌనిక పేపర్ మొదలుపెట్టి ఉంటుంది. టేబుల్ మీద మోడల్ పేపర్ల కట్ట కనిపించింది. అసలు ఈ పిల్లల్ని ఏం అడుగుతారు? ఒకటి తీశాను. పెన్ను కూడా దొరికింది. నూటయాభై ప్రశ్నలు, రెండున్నర గంటలు. వాచీ చూసుకుని నిజాయితీగా రాశాను. చివర్లో జవాబులు ఉంటాయి, రాసేదాకా అటు తిప్పలేదు.

రెండింటికి బయటి తలుపు తాళం తీసిన చప్పుడైంది. "ఏడికి పోయిండు ఈ మనిషి?" అంటోంది సుజాత.

"ఇక్కడున్న" అన్నాను తలుపు వెనకనుంచి. అవతల అడుగుల చప్పుడు ఆగింది. తర్వాత మౌనిక గొంతు తలుపు దగ్గరికి వచ్చింది.

"మామా, లోపలేం చేస్తున్నవ్?"

"అది తర్వాత చెప్త. నువ్వెట్ల రాసినవ్?"

"మస్తు రాసిన మామా. ఈసారి వస్తది అనిపిస్తుంది." ఆ మాట విన్నాక నాకు ఆ గదిలో ఎన్ని రోజులున్నా ఫర్వాలేదనిపించింది. "పొద్దటి సంది లోపల్నే ఉన్నవా? ఏం చేసినవ్ మరి?"

"ఊకే కూసోలేక నీ మోడల్ పేపర్ ఒకటి రాసిన."

"అవునా. ఎన్నొచ్చినయ్?"

"నూటయాభైకి ముప్పై ఎనిమిది."

అవతల ఇద్దరూ ఏదో గుసగుసలాడుకున్నారు. సుజాత నవ్వు ఆపుకోవడం వినిపించింది. మౌనిక గొంతు సవరించుకుని, కోచింగ్ సెంటర్లో సార్ మాట్లాడినట్టు నెమ్మదిగా చెప్పింది.

"గట్లయితే ఇప్పుడే బయటికి రాకు మామా. జర లోపల్నే ఉండి చదువుకో. మేము అన్నం తిని వస్తం."

కాసేపటికి వంటింట్లో రెండు కంచాలు పెట్టిన చప్పుడైంది.